వికాసం వయా బొంబాయి బస్సు

దసరా దాటిందంటే మా పాలమూరుకు రెండు రకాల బండ్లొస్తాయి. ఒకటి హైదరాబాదు నుంచి వచ్చే తెల్ల కారు. అందులోంచి కోటు తొడుక్కున్న వ్యక్తిత్వ వికాస నిపుణుడు దిగుతాడు. కాలేజీ ఆడిటోరియంలో రెండు గంటలు గొంతు చించుకుని, శాలువా కప్పించుకుని, కవరు జేబులో వేసుకుని పొద్దుగూకేలోపు వెనక్కి పోతాడు. రెండోది మేస్త్రి మాట్లాడి తెచ్చిన బండి. అది ఊళ్ళో బొడ్రాయి దగ్గర ఆగుతుంది. సత్తు గిన్నెలు, జొన్నపిండి సంచులు, చంకల్లో పిల్లలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ముసలివాళ్ళు మాత్రం కిందే ఉండిపోతారు. వాళ్ళు ఇల్లు కాయాలి, బడికి పోయే మనవడుంటే వాణ్నీ కాయాలి. మొదటి బండి వికాసాన్ని దింపిపోతుంది. రెండోది వికసించవలసినవాళ్ళను ఎక్కించుకుపోతుంది. రెండూ ఒకే రోడ్డు మీద ఎదురుపడితే దేనికి ఏది దారివ్వాలో డ్రైవర్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మొన్న వచ్చిన నిపుణుడి సందేశం క్లుప్తంగా ఇది: బతకడానికి నువ్వు చేసే పనే నిన్ను మనిషిగా తయారుచేస్తుంది, కాబట్టి పనిని ప్రేమించు, ఎదుగుదల అదే నీ గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది. హాలు మారుమోగేలా చప్పట్లు. నేనూ కొట్టాను, అదీ మనస్ఫూర్తిగానే. ఎందుకంటే ఈ సిద్ధాంతానికి పాలమూరు, నల్లగొండ అనే మా రెండు జిల్లాల్లో ఉన్నన్ని రుజువులు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. పాపం ఆయన జపాన్ ఫ్యాక్టరీలనీ, అమెరికా గ్యారేజీలనీ ఎక్కడెక్కడో తిరిగి అలసిపోయాడు. వచ్చేదారిలో కారు అద్దం దించి ఉంటే సరిపోయేది. ఏసీ పోతుందనుకున్నాడేమో. ఆ లోటు నేను పూడుస్తాను.

పాలమూరు లేబర్ అని మాకొక విశ్వవిద్యాలయం ఉంది. దానికి యూజీసీ గుర్తింపు లేదు గానీ, దాని పేరు వినని కాంట్రాక్టరు దేశంలో లేడు. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, రోడ్లు, ఇప్పుడు మహానగరాల్లో ఆకాశానికి నిచ్చెనేసిన అపార్టుమెంట్లు, అన్నీ దాని క్యాంపస్‌లే. చేరడం కూడా చాలా తేలిక. మిగతా కాలేజీలు చేరేవాడి దగ్గర ఫీజు గుంజుతాయి. ఇక్కడ చేరేవాడికే ఎదురు డబ్బులిస్తారు. దాన్ని అడ్వాన్స్ అంటారు. బిడ్డ పెళ్ళి చెయ్యాల్సి రావడం, అయ్య దినాలు పెట్టాల్సి రావడం, వేసిన బోరు ఎండిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్హత ఉన్నట్టే. మా నేలలో బోర్లు ఎండిపోవడానికి కొదవేం లేదు కనుక సీట్లు ఏ ఏడూ ఖాళీగా మిగలవు.

పలుగు, పార, తట్ట. సిలబస్ అంతే. మగవాడు తవ్వుతాడు, ఆడమనిషి మోస్తుంది. నిపుణులు పవర్‌పాయింట్‌లో చూపించే నాయకత్వ నిర్మాణం ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. గుంపుకు ఒక మేస్త్రి, వాడి మీద పెద్ద మేస్త్రి, ఆయన మీద సబ్ కాంట్రాక్టరు, ఆయన మీద కాంట్రాక్టరు, అందరి మీదా కంపెనీ. బాధ్యత మెట్టు మెట్టూ కిందికి దిగుతుంది, డబ్బు మెట్టు మెట్టూ పైకి ఎక్కుతుంది. సమయపాలన సంగతి చెప్పనే అక్కర్లేదు. చీకటితో మొదలుపెట్టి చీకటితో ముగించేవాడికి గడియారంతో పనేముంది?

అయితే ఈ విద్యకంతటికీ మూలగ్రంథం మేస్త్రి లెక్కల పుస్తకం. అలాంటిదొకటి నా చేతికొచ్చింది. బడిపిల్లలు రాసుకునే మామూలు నోట్‌బుక్కే, వెనక అట్ట మీద ఎక్కాలు. లోపల ఒక్కో పేజీకి ఒక్కో జంట. పేజీ పైన అడ్వాన్స్ మొత్తం, దాని కింద రెండు గీతలు. గీతల మధ్య పని చేసిన రోజుకు ఒక నిలువు గీటు, చెయ్యని రోజుకు సున్న. సున్న పక్కన చిన్న అక్షరాల్లో 'నాగా'. జ్వరమొస్తే నాగా. వానపడి పని ఆగితే నాగా. రాయి దొర్లి కాలు నలిగితే, ఆ నలిగిన కాలితో కూర్చున్నన్ని రోజులూ నాగా. కుడిపక్కన ఖర్చులు: బియ్యం, మంచినూనె, బీడీలు, దవాఖాన, ఆదివారం ఖర్చీ. నాగా నాడు ఎడమపక్క ఏమీ ఎక్కదు, కుడిపక్క మాత్రం ఆగదు, రోగంలో కూడా మనిషి తింటాడు కదా! ఆఖర్న అడ్డగీత కొట్టి కింద ఒక మొత్తం వేసి, దాని పక్కన 'బాకీ, వచ్చే ఏటికి' అని రాసి ఉంది. సీజనంతా రాళ్ళు మోసి, మొదలుపెట్టిన చోటికే, కాస్త వెనక్కి చేరిన ఆ జంట కింద వేలిముద్రలు వేసింది. ఉద్యోగులు చెయ్యిజారిపోకుండా ఎలా నిలుపుకోవాలా అని పెద్ద పెద్ద కంపెనీలు హోటళ్ళలో సెమినార్లు పెట్టుకుంటాయి. ఆ ఖర్చెందుకు? పది రూపాయల నోట్‌బుక్కు చాలు.

సర్కారు ఊరుకుందనుకోవద్దు. 1976లో వెట్టిచాకిరీని రద్దుచేస్తూ చట్టం చేసింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం ఇంకో చట్టం. ఈ రెండోదానిలో ఒక ముచ్చటైన సెక్షన్ ఉండేది. సొంత రాష్ట్రం విడిచి పనికెళ్ళే కూలీకి నెల జీతంలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది కాంట్రాక్టరు అదనంగా ఇవ్వాలట, తిరిగి వసూలు చేసుకోకూడదట. ఈ సంగతి ఒక మేస్త్రికి చదివి వినిపించాను. నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు. మంచినీళ్ళిచ్చి వీపు నిమరాల్సి వచ్చింది.

ఇదేం నిన్నమొన్నటి కోర్సు కాదు. నిజాం రాజ్యం నుంచి బతకబోయిన మనవాళ్ళను బొంబాయిలో కామాఠీలన్నారు. వాళ్ళు గుడిసెలేసుకున్న పేట కామాఠీపుర అయింది. బొంబాయిని కట్టినవాళ్ళ పేరు బొంబాయిలో దేనికి గుర్తుగా మిగిలిందో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఎదగడమంటే పదిమంది నోళ్ళలో మన పేరు నానడం అని నిపుణుడు అన్నాడు. నానింది సార్, బాగానే నానింది.

ఇక మా ఇలాకాలోనే జరిగిన అతిపెద్ద శిక్షణ శిబిరం నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు ఫొటోల మధ్య పన్నెండేళ్ళ పాటు వేలాది మంది రాయి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తున కృష్ణకు అడ్డంగా గోడ లేపారు. కాంక్రీటు, యంత్రాలు తక్కువ, రాయి, మనిషి ఎక్కువ. యంత్రాలు కొనాలంటే విదేశీ మారకం కావాలి. మనిషిని కొనడానికి దేశీ కరువు సరిపోతుంది. ఆ తట్టలు మోసినవాళ్ళలో పాలమూరు వాళ్ళున్నారు, ఆ పాలమూరుకు సాగర్ ఆయకట్టులో ఒక్క ఎకరం కూడా లేదు. తుంగభద్ర మీది రాజోలిబండ కింద 87,500 ఎకరాలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కాగితాన్ని తడపడానికి ఎన్ని నీళ్ళు కావాలి గనక!

పని మనిషిని పెంచుతుందన్నది మాత్రం సాగర్ దగ్గరా, ఆ తర్వాత ప్రతి ప్రాజెక్టు దగ్గరా నూటికి నూరుపాళ్ళు నిజమైంది. కాకపోతే ఒకరు పని చేస్తే ఇంకొకరు పెరిగారు. తెలుగు నేల మీద ఎందరికో బాగా తెలిసిన రాజమార్గం ఒకటుంది. మట్టిపని సబ్ కాంట్రాక్టుతో మొదలై, పెద్ద కాంట్రాక్టు మీదుగా ఇంజనీరింగ్ కాలేజీకి, అక్కణ్నుంచి అసెంబ్లీకి చేరుతుంది. నిపుణుడు మైకు పట్టుకున్న ఆడిటోరియం గోడలు అడిగితే చెప్పేవేమో, అవి ఎవరి నాగాలతో లేచాయో.

వ్యక్తిత్వ వికాసంలో బాడీ లాంగ్వేజ్ అని ఒక అధ్యాయం ఉంటుంది. వెన్ను నిటారుగా పెట్టు, భుజాలు విరిచి నడువు, ఎదుటివాడి చెయ్యి గట్టిగా పట్టి ఊపు. ఈ అధ్యాయం చెప్పడానికి నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్ళమని నా మనవి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అక్కడి బోర్లు ఆ ప్రమాణం మొహం కూడా చూడకుండా తరాల పాటు నీళ్ళిచ్చాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళ వెన్నులు వంగిపోవడంలో పనికీ ఒక వాటా ఉంది. ఎండలో ఎంత కష్టపడితే అంత దాహం. ఎంత దాహమైతే అన్ని చెంబులు. అన్ని చెంబుల ఫ్లోరైడూ ఎముకల్లోకే. నీడపట్టున కూర్చున్నవాడికన్నా నాగలి పట్టినవాడు, కలుపు తీసినామె ముందుగా వంగిపోయారు. పనిని ప్రేమించినకొద్దీ వెన్ను వంగింది. పని మనిషిని తయారుచేస్తుందనడానికి ఎక్స్‌రేతో సహా సాక్ష్యం ఇంతకు మించి ఎవరు చూపిస్తారు? అంత పెద్ద ఆనకట్ట అదే జిల్లాలో ఉంది. కానీ నీరు పల్లమెరుగు అన్న సామెతను ఇంజనీర్లు తుచ తప్పకుండా పాటించారు. కాలువ మిర్యాలగూడ వైపు దిగిపోయింది. దేవరకొండ, మునుగోడు గట్టు మీదే ఉండిపోయాయి.

ఈ సిద్ధాంతం కోట్లు తొడిగినవాళ్ళు కనిపెట్టింది కూడా కాదు. అంతకు ముందే దొరలకు తెలుసు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, అందరూ కలిసి గడీకి వెట్టి చెయ్యాలి. ఎవరి పని వాళ్ళను తీర్చిదిద్దుతుంది. తీర్చిదిద్దింది కూడా, నడుం వంచి 'బాంచన్' అనేలా. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో ఐలమ్మ అనే చాకలామెకు ఈ పాఠం ఎక్కలేదు. కౌలుకు పొలం పట్టి సేద్యం మొదలుపెట్టింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కళ్ళెర్రబడ్డాయి. వరి పండటంలో తప్పేమీ లేదు, పండించిన చేతులదే తప్పు. బట్టలుతికే మనిషి నాగలి పడితే రేపు గడీ బట్టలెవరుతుకుతారు? పంట కోసుకుపొమ్మని మనుషులను పంపాడు. దొరలను ఎదిరించే సంఘం ఆమెకు అండగా నిలిచింది, వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెనక్కి పోయారు, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరాయి. ఇవాళ కూడలి కూడలికీ ఆమె విగ్రహముంది, జయంతికి దండ వేసే నాయకులున్నారు. ఆమె వికసించింది ఉతికి ఉతికి కాదు, ఇక ఉతకనని. ఈ చిన్న ముక్క మాత్రం దండ వేసేవాళ్ళ ప్రసంగాల్లో ఎప్పుడూ వినబడదు.

నిపుణుడి సంచిలో మా ప్రాంతానిది ఒకే ఒక్క ఉదాహరణ ఉంది. అది కూడా తలకిందులుగా ఉంది. చింతకింది మల్లేశం. ఆలేరు పక్క శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గం మీద కూర్చున్నవాడు 2017లో పద్మశ్రీ అందుకున్నాడు, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. 'చూశారా పిల్లలూ, కులవృత్తిని ప్రేమిస్తే ఎక్కడికి చేరొచ్చో!' అని నిపుణుడు చెయ్యెత్తాడు. మళ్ళీ చప్పట్లు.

అసలు కథ తెలిసినవాళ్ళు హాల్లో ఉంటే లేచి నిలబడేవాళ్ళు. పోచంపల్లి రకం చీరలో చిటికి కట్టి రంగు వేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం ముందు ఆడమనిషి కూర్చుని, దారం పట్టుకుని, చెయ్యి చాపుతూ ముడుస్తూ ఒక్కో మేకుకూ పోస్తూ పోవాలి. ఒక చీరకు 9,000 సార్లు చెయ్యాడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. మల్లేశం తల్లి లక్ష్మి భుజం పట్టేసేది. ఇక ఈ పని నావల్ల కాదని ఆమె అంది. ఆమె ఆ పనిని ప్రేమించలేదు. కొడుకూ ప్రేమించలేదు. దాని అంతు చూశాడు. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, వెక్కిరింపులు పడి, హైదరాబాదు వెళ్ళి చిన్నా చితకా పనులు చేసుకుంటూ 1999కి ఆసు యంత్రం తయారుచేశాడు. గంటల తరబడి సాగే పనిని గంటన్నరకు కుదించాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టాడు. అంటే మా నేల మీద నికార్సుగా ఎదిగిన ఒక మనిషి, ఆ పని ఇంకెవరూ చెయ్యనక్కర్లేకుండా చేసి ఎదిగాడు. దీన్ని పనిని ప్రేమించమనే పాఠంగా మార్చాలంటే మామూలు నైపుణ్యం చాలదు. అందుకే ఆయన నిపుణుడు.

పోచంపల్లి దగ్గర ఈ ప్రేమ మరీ ఎక్కువ. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అప్పట్నుంచి సెలవు రోజుల్లో వచ్చే కార్లు పెరిగాయి. వచ్చినవాళ్ళు గుంట మగ్గం చూసి మురుస్తారు, నాడె పట్టుకుని సెల్ఫీ దిగుతారు, ఎంత గొప్ప కళ, పిల్లలకు నేర్పడం మానకండి అని నేతగాడికి బుద్ధులు చెబుతారు. ఆ తర్వాత చీర ధర దగ్గర అరగంట బేరమాడతారు. నేత గొప్పదనం గురించి మాట్లాడినవాళ్ళ పిల్లలు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవడం నేనింతవరకూ చూడలేదు. నేతగాడు మాత్రం నవ్వి ఊరుకుంటాడు. వాడి కొడుకు బీటెక్.

ఆ బీటెక్ కూడా ఎక్కడికి దారితీస్తుందంటారా? తట్ట పోయి వీపు మీదికి చతురస్రపు సంచి వచ్చింది. హైదరాబాదులో రాత్రి పదకొండింటికి బిర్యానీ మోసుకొచ్చే కుర్రాణ్ని ఏ ఊరని అడిగి చూడండి, కల్వకుర్తో, నకిరేకలో, మక్తలో అంటాడు. వాణ్ని కూలీ అనరు, పార్ట్‌నర్ అంటారు. లాభంలో తప్ప అన్నింటిలోనూ భాగస్వామే. నాగాలున్నాయి, కాకపోతే వాటిని ఇన్సెంటివ్ కోత అంటారు. పాత మేస్త్రిని కనీసం కల్లు దుకాణం దగ్గర గల్లా పట్టుకుని అడగొచ్చు. యాప్‌కు గల్లా ఏది?

ఇంతకూ మా విశ్వవిద్యాలయం మూతపడలేదు. బయటి రాష్ట్రాల విద్యార్థులకు కూడా తలుపులు తెరిచింది. ఫ్లోరైడ్ నేలకు కృష్ణ నీళ్ళు తేవాలని శ్రీశైలం జలాశయం నుంచి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. తవ్వకం ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న పాత పాలమూరు జిల్లా దోమలపెంట దగ్గర, దాదాపు 14 కిలోమీటర్ల లోపల దాని పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్ళలో నలుగురు కూలీలు ఝార్ఖండ్ నుంచి బతకొచ్చినవాళ్ళు. వెతుకులాట ఆపేసేనాటికి రెండు మృతదేహాలే బయటికొచ్చాయి. నల్లగొండ దాహం తీర్చడానికి పాలమూరు కొండలో ఝార్ఖండ్ మనిషి. మా వాళ్ళు అదే సమయానికి పుణెలోనో ముంబయిలోనో ఇంకెవరి ఇంటికో పునాది తవ్వుతున్నారు. ఈ పేరా దగ్గర నాకు వ్యంగ్యం రావడం లేదు, నిపుణుడికేమైనా వస్తుందేమో కనుక్కోవాలి.

ఆయన్ను ఒక సీజన్ ఈ కోర్సులో చేర్పిస్తే బాగుండునని నాకు బుద్ధి పుట్టింది. మా వాడకట్టు మేస్త్రిని కదిలించాను.

"కోటు సారునా? ఏం పని చేస్తడు?"

"మాట్లాడతాడు మేస్త్రీ."

"మాట్లాడెటోడు గుంపుకు ఒక్కడుంటె సాలు సారూ, గా ఒక్కణ్ని నేనున్న. తట్ట మోస్తడా?"

"మోస్తాడో లేదో గానీ, ఏ పనినైనా ప్రేమిస్తాడట."

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. తీసిపారేసే మనిషి కాదు, వ్యాపారం తెలిసినవాడు.

"ప్రేమిస్తె ప్రేమించనీ, మనకేం అడ్డం లేదు. మల్ల జంటగొస్తడా, ఒంటిగొస్తడా? ఒంటిగొస్తె సగం అడ్వాన్సే. భార్యను గూడ తోల్కొస్తె పూరా ఇస్త. కోటు ఈడనే ఇడ్సిపెట్టి రమ్మను, ఆడ షెడ్డుల కొక్కేలు లెవ్వు. నాగాలు వెడితె మాత్రం నేనూకోను. ఇంగొక మాట సారూ, బస్సెక్కకముందే ఆధార్ కార్డు నా చేతుల వెట్టాలె. పెద్దసార్లు సగంల ఉరుకుతరు."